ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలు అమ్ముతూ ఫీడ్‌కు చిక్కకుండా ఉండటం ఎలా

ఇంటి నుంచి చేనేత చీరలు అమ్ముకునే వారికి ఇన్‌స్టాగ్రామ్ మానేయండని చెప్పడం సలహా అనిపించుకోదు. మంగళగిరిలోనో, పోచంపల్లిలోనో, గద్వాలలోనో మగ్గం దగ్గర తీసుకున్న చీరను హైదరాబాద్‌లో ఒక గది కిటికీ పక్కన ఫోటో తీసి, డాలస్‌లో ఉన్న తెలుగు ఇల్లాలికి నేరుగా అమ్మగలగడం ఈ వేదికల వల్లనే వీలైంది. కొట్టు అద్దె, అడ్వాన్సు, గుమాస్తా జీతం ఏవీ లేకుండా నాలుగు చీరలతో మొదలుపెట్టి, పిల్లల ఫీజులు తామే కట్టుకునే స్థాయికి వచ్చిన మహిళలు మన చుట్టూ ఎందరో ఉన్నారు. అయితే చేతిలో ఫోన్ పట్టుకున్న మనిషిని వీలైనంత ఎక్కువసేపు తెర ముందు కూర్చోబెట్టి, ఆ సమయాన్ని ప్రకటనదారులకు అమ్ముకోవడమే ఆ యాప్ నడిపే సంస్థ వ్యాపారం. మన చీర అమ్ముడుపోవడం దానికి రెండో విషయం. రోజూ అందులోనే పని చూసుకోక తప్పని వారు ఆ రూపకల్పనకు లొంగకుండా పని ఎలా చక్కబెట్టుకోవచ్చో ఇక్కడ వివరంగా చెబుతాను. చీరల వ్యాపారాన్నే తీసుకుని రాస్తున్నాను కానీ పచ్చళ్లు, కేకులు, నగలు అమ్మేవారికి, ఆన్‌లైన్‌లో సంగీతం నేర్పేవారికి కూడా ఇందులో చాలా భాగం పనికివస్తుంది.

యాప్ మనిషిని ఎలా పట్టి ఉంచుతుంది

ఫీడ్‌కు, అంటే తెర మీద ఒకదాని కింద ఒకటిగా వచ్చే పోస్టుల వరుసకు, చివర అనేది లేకపోవడం మొదటి కారణం. పూర్వం వెబ్ పేజీ అడుగుకు చేరాక తర్వాతి పేజీ కోసం ఒక బటన్ నొక్కవలసి వచ్చేది, అలా ఆగిన క్షణంలో ఇక చాలనుకుని లేచే వీలుండేది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించిన అంతులేని స్క్రోలింగ్ పద్ధతి ఆ ఆగే చోటును తీసేసింది. తర్వాతి కాలంలో ఆయనే దాని ఫలితాల గురించి బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు. తెరను కిందికి లాగి వదిలితే కొత్త పోస్టులు వచ్చే పద్ధతి, ఫేస్‌బుక్ లైక్ బటన్ రెండూ 2009లో వచ్చాయి. టిక్‌టాక్‌ను మన దేశంలో 2020 జూన్ చివర నిషేధించిన కొద్ది రోజులకే, జూలైలో, ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ ప్రవేశపెట్టింది. అప్పటి నుంచి మనం అనుసరించే వారి పోస్టుల కంటే మనకు పరిచయమే లేని వారి వీడియోలే ఎక్కువగా ఎదురవుతున్నాయి.

రెండో కారణం, ప్రతిఫలం ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలపై చేసిన ప్రయోగాల్లో, ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజలు దొరికినప్పటి కంటే, ఎన్నోసారికి దొరుకుతాయో తెలియనప్పుడే అవి ఎడతెగకుండా పొడుస్తూ పోయాయి. ఫోన్ తీసి చూసిన ప్రతిసారీ కొత్త లైకు ఉంటే మనకూ కొంతకాలానికి విసుగు పుడుతుంది. ఉండవచ్చు, ఉండకపోవచ్చు అన్న స్థితే మళ్లీ మళ్లీ చూడమంటుంది. ఇదంతా యాదృచ్ఛికంగా జరిగింది కాదు. మనుషుల సమయాన్నీ ధ్యాసనూ వీలైనంత ఎక్కువగా ఎలా తీసుకోవాలన్న ఆలోచనతోనే ఈ యాప్‌లు కట్టారని ఫేస్‌బుక్ తొలి అధ్యక్షుడు షాన్ పార్కర్ 2017లో బహిరంగంగానే చెప్పారు. పిల్లలు అలవాటు పడేలా ఉద్దేశపూర్వకంగా రూపొందించారంటూ 2023 అక్టోబర్‌లో అమెరికాలోని పదుల రాష్ట్రాలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని అయిన మెటా సంస్థపై దావాలు వేశాయి.

అమ్మకందారు విషయంలో ఈ రెండో కారణం ఇంకా బలంగా పనిచేస్తుందని నా అభిప్రాయం. సరదాగా చూసేవారికి ఫోన్ మోగితే వచ్చేది ఒక లైకు లేదా ఒక కామెంటు. చీరలు అమ్మే మనిషికి మాత్రం అది నిజంగానే మూడు వేల రూపాయల ఆర్డరు కావచ్చు. కనుక మాటిమాటికీ ఫోన్ చూడటానికి ఆమెకు న్యాయమైన కారణమే ఉంది, ఇంట్లో వాళ్లు విసుక్కున్నా బిజినెస్ చూసుకుంటున్నానని నిజాయితీగానే చెప్పగలదు. ఈ కారణం వల్లనే మనోబలంతో నిగ్రహించుకోవాలన్న సలహా ఇక్కడ నిలవదు. ఫోన్ చూడవలసిన అవసరాన్నే తగ్గించేలా, చూసినప్పుడు ఫీడ్ ఎదురుపడకుండా ఉండేలా పని పద్ధతిని మార్చుకోవాలి.

పని ఎంత, ఫీడ్ ఎంత

ఒక సాయంత్రం సాధారణంగా ఇలా నడుస్తుంది. పొయ్యి మీద కుక్కర్ ఉంది. ఫోన్ మోగింది. ‘అండీ, ఈ గ్రీన్ మంగళగిరి అవైలబులా? ప్రైస్ ప్లీజ్’ అని ఎవరో అడిగారు. ‘ఉందండి, 2,450 ప్లస్ షిప్పింగ్’ అని రాసి పంపడానికి అర నిమిషం పట్టలేదు. ఆ తర్వాత పైనున్న వెనక్కి బాణాన్ని రెండుసార్లు నొక్కితే వచ్చింది ఫోన్ మొదటి తెర కాదు, ఇన్‌స్టాగ్రామ్ హోమ్ ఫీడ్. అక్కడ మొదటి వీడియో అప్పటికే కదులుతోంది. అది మరో చీరల పేజీ వీడియో, దాదాపు ఇదే పచ్చ రంగు, ధర నాలుగు వందలు తక్కువ. కింద కామెంట్లలో ఎంతమంది బుక్ చేస్తున్నారో చూడటం వ్యాపారానికి అవసరమేననిపించింది. అక్కడి నుంచి ఆ పేజీలోకి, ఆ పేజీ నుంచి ఇంకో రీల్‌లోకి, దాని నుంచి ఎవరి పెళ్లి వీడియోలోకో వెళ్లేసరికి కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో లెక్క తప్పింది.

ఇందులో పని అర నిమిషమే, మిగిలినదంతా బయటికి వచ్చే దారిలో పోయింది. కాబట్టి మొట్టమొదట చేయవలసినది, రెండు మూడు రోజులు మీరు యాప్ తెరిచిన ప్రతిసారీ దేనికోసం తెరిచారో ఒక పుస్తకంలో రాసుకోవడం. చీరల వ్యాపారంలో ఇన్‌స్టాగ్రామ్‌తో అవసరం మూడు రకాలుగానే ఉంటుంది. పోస్టు పెట్టడం ఒకటి, అడిగిన వారికి బదులివ్వడం ఒకటి, ఇతరులు ఏం అమ్ముతున్నారో చూడటం ఒకటి. మొదటి రెండింటికీ ఫీడ్ అక్కరలేదు. మూడోదానికి కావాలి గానీ రోజూ అక్కరలేదు. ఈ మూడింటినీ ఒకే కూర్చోవడంలో కలిపి చేయకుండా వేరు చేయగలిగితే సగం సమస్య తీరుతుంది, ఇక ముందు చెప్పేవన్నీ ఆ వేరుచేయడానికి సంబంధించిన పద్ధతులే.

పోస్టులు యాప్ బయట తయారుచేయాలి

వారానికి ఒక పూట ఫోటోలకూ వీడియోలకూ కేటాయించుకోండి. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన రంగు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ట్యూబ్‌లైటు కింద తీసిన చీర చేతికందాక వేరే రంగులో ఉందని వెనక్కి పంపేవారితో జరిగే వాదనలు తెచ్చే తలనొప్పి తక్కువేమీ కాదు. వీడియోలను ఇన్‌స్టాగ్రామ్ కెమెరాతో కాకుండా ఫోన్ కెమెరాతోనే తీయాలి, ఎడిటింగ్ వేరే యాప్‌లో చేసుకోవాలి, క్యాప్షన్లను నోట్స్‌లో ముందే రాసుకోవాలి. ప్రతి చీరకూ ఒక కోడ్ ఇవ్వండి, ఉదాహరణకు మం-47 అని. ఆ కోడ్ ఫోటో మీద, క్యాప్షన్‌లో, అలమరాలోని చీర కవరు మీద ఒకేలా ఉండాలి. ‘మొన్న పెట్టారే, పింక్ దానికి గ్రీన్ బోర్డర్, అది ఉందా’ అని అడిగినప్పుడు అదేదో తెలుసుకోవడానికి మన పేజీని మనమే కింద దాకా వెతుక్కునే అవసరం ఈ ఒక్క ఏర్పాటుతో పోతుంది.

తయారైన వాటిని కంప్యూటర్‌లో మెటా బిజినెస్ సూట్ తెరిచి, ఏ రోజు ఏ సమయానికి వెళ్లాలో పెట్టేయవచ్చు. ఇది ఉచితం, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను బిజినెస్ ఖాతాగా మార్చుకుని ఫేస్‌బుక్ పేజీతో కలిపితే చాలు. పోస్టులూ రీల్సూ స్టోరీలూ మూడింటినీ ఇందులో ముందుగా అమర్చుకునే వీలుంది, వారానికి సరిపడా ఒక్కసారే పెట్టేయవచ్చు. కంప్యూటర్ లేనివారు పాత ల్యాప్‌టాప్ ఏదైనా దొరికితే దీనికోసం కేటాయించుకోవడం మంచిది. ఆ తెర మీద రీల్స్ ఫీడ్ ఉండదు కాబట్టి పని ముగిశాక మూసేయడం సులువు. ఇలా ముందే అమర్చడంలో సమయం కలిసిరావడం కంటే పెద్ద లాభం ఇంకొకటి ఉంది. చేత్తో పోస్టు పెట్టిన మనిషి తర్వాతి గంటంతా ఎన్ని వ్యూస్ వచ్చాయో చూస్తూ ఉంటుంది. పోస్టు తనంతట తాను వెళ్లినప్పుడు మనం వేరే పనిలో ఉంటాం, ఆ గంట గడిచిపోతుంది.

ట్రెండింగ్ పాట దొరకడం కోసం రీల్స్ తిరగేయడం చాలామందికి పనిలో భాగమైపోయింది. బిజినెస్ ఖాతాలకు సినిమా పాటలు చాలావరకు దొరకవు కూడా. మంగళగిరి చీర చేతిలో పట్టుకుని నిజాం అంచు ఎలా ఉంటుందో, ఇక్కత్‌లో నేయడానికి ముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు కాబట్టి డిజైన్ అంచులు కొద్దిగా చెదిరినట్టు ఎందుకు కనిపిస్తాయో, ప్రింటు వేసిన నకిలీని ఎలా పోల్చుకోవాలో మీ గొంతుతోనే నిదానంగా చెప్పండి. అలాంటి వీడియో వ్యూస్‌లో వెనకబడినా, చీర కొనే మనిషికి కావలసింది అదే కనుక అమ్మకాల్లో వెనకబడదు.

బేరసారాలు వాట్సాప్‌కు మార్చాలి

ధర చెప్పకుండా డీఎం చేయమనడం, అంటే విడిగా సందేశం పంపి అడగమనడం, చీరల పేజీల్లో ఆనవాయితీ. కామెంట్లు పెరిగితే పోస్టు ఎక్కువమందికి చేరుతుందన్న ఆలోచన దాని వెనక ఉంది. నా దృష్టిలో ఇది నష్టపు బేరం. ఒక్కో చీరకు ముప్పై మంది ధర అడిగి, వారిలో ఇద్దరు కొనేటప్పుడు, మిగిలిన ఇరవై ఎనిమిది సమాధానాల కోసం మనం ఇరవై ఎనిమిది సార్లు యాప్ తెరవవలసి వస్తుంది, తెరిచిన ప్రతిసారీ ఫీడ్ ఎదురవుతుంది. క్యాప్షన్‌లోనే ధర, కొలత, బ్లౌజు ఉందో లేదో, షిప్పింగ్ ఎంతో, క్యాష్ ఆన్ డెలివరీ లేదన్న సంగతీ స్పష్టంగా రాయండి. కామెంట్లు తగ్గుతాయి. కొనదలచుకున్న వారు నేరుగా వస్తారు.

అలా వచ్చేవారికి దారి వాట్సాప్ బిజినెస్ యాప్‌లోకి ఉండాలి. పేజీ బయోలో దాని లింకు పెట్టండి. అందులో క్యాటలాగ్ ఉంటుంది, చీరలను కోడ్, ధరతో సహా అక్కడ చేర్చితే కొనేవారు మనల్ని అడగకుండానే చూసుకుంటారు. మొదటిసారి సందేశం పంపిన వారికి గ్రీటింగ్ మెసేజ్, పని వేళలు కాని సమయంలో ఇప్పుడు అందుబాటులో లేమని చెప్పే ‘అవే’ (away) మెసేజ్ వాటంతటవే వెళ్లేలా పెట్టుకోవచ్చు. ఖాతా వివరాలు, పార్సిల్ నియమాలు, పార్సిల్ విప్పేటప్పుడు తీసిన ఓపెనింగ్ వీడియో లేకుండా డ్యామేజీ ఒప్పుకోమన్న షరతు వంటివి పదే పదే రాయకుండా క్విక్ రిప్లైలలో పెట్టుకుంటే ఒక ఏటవాలు గీతా (/) ఒక మాటా కొట్టగానే మొత్తం సందేశం వచ్చేస్తుంది. పేమెంట్ రావలసిన వారికి ఒక లేబుల్, పార్సిల్ పంపవలసిన వారికి మరో లేబుల్ పెట్టుకుంటే ఎవరి సంగతి ఎక్కడ ఆగిందోనన్న ఆందోళన ఉండదు. ఒకే సందేశాన్ని చాలామందికి ఒకేసారి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది వరకు చేర్చవచ్చు, కానీ మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్న వారికే ఆ సందేశం అందుతుంది. అందుకే పార్సిల్‌లో పెట్టే చీటీ మీద నంబరు సేవ్ చేసుకోమని రాయడం మంచి అలవాటు.

వాట్సాప్ కూడా మెటా సంస్థదే, దానికీ స్టేటస్‌లు, ఛానళ్లు వచ్చాయి. అయినా అందులో ఒకరి సందేశానికి బదులిచ్చి వెనక్కి వస్తే ఎదురయ్యేది మన సందేశాల జాబితాయే. ఈ తేడా చిన్నది కాదు.

ఇన్‌స్టాగ్రామ్ డీఎంలు పూర్తిగా ఆగవు. వాటిని బిజినెస్ సూట్ ఇన్‌బాక్స్‌లో చూడండి. ఫోన్‌లోనే చూడవలసి వస్తే, బదులిచ్చాక వెనక్కి బాణం నొక్కకుండా తెర అడుగు నుంచి పైకి జరిపి యాప్ నుంచే బయటికి రావడం అలవాటు చేసుకోండి. వేలికి ఇది అలవడడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ తర్వాత ఆలోచించనక్కరలేదు.

సమయాలు, ఆలస్యమైతే ఆర్డరు పోతుందన్న భయం

నోటిఫికేషన్లను పూర్తిగా ఆపేయాలని చాలా వ్యాసాలు చెబుతాయి. 2019లో వెలువడిన ఒక ప్రయోగంలో నోటిఫికేషన్లను రోజుకు మూడు విడతలుగా అందుకున్న వారికి ఒత్తిడి తగ్గింది, పని మీద ధ్యాస మెరుగైంది. ఒక్క నోటిఫికేషనూ రాకుండా ఆపేసిన వారిలో మాత్రం ఏదో తప్పిపోతున్నామన్న ఆందోళన పెరిగింది. అమ్మకందారుకు కూడా విడతల పద్ధతే సరిపోతుంది. లైకులు, కొత్త ఫాలోవర్లు, లైవ్‌లు, సూచించే పోస్టులు వీటన్నిటి నోటిఫికేషన్లూ శాశ్వతంగా ఆపండి, సందేశాలవి మాత్రం ఉంచండి, వాటినీ నిర్ణీత వేళల్లోనే చూడండి.

వేళలను కొనేవారిని బట్టి ఎంచుకోవాలి. అమెరికాలో ఉన్న తెలుగువారికి అమ్మేవారైతే ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు ఒక విడత తప్పనిసరి, ఎందుకంటే వేసవిలో మనకు ఉదయం ఏడైనప్పుడు డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది, వాళ్లు భోజనాలు ముగించి ఫోన్ పట్టుకునే సమయం అదే. చలికాలంలో అక్కడి గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి కనుక మన విడతను కూడా గంట ముందుకు, అంటే ఎనిమిదికి జరుపుకోవాలి. మన ఊళ్ల వారికి మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో అరగంట, రాత్రి ఎనిమిది తర్వాత అరగంట చాలు. అమెరికా వారికోసమని అర్ధరాత్రి రెండు గంటలకు లేచి సందేశాలు చూడటం ఎవరికీ అవసరం లేదు, అప్పుడు వాళ్లు ఆఫీసు పనిలో ఉంటారు. ఈ వేళలను పేజీ బయోలోనూ, వాట్సాప్ అవే మెసేజ్‌లోనూ రాయండి.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఒక్కటే పీసు ఉన్న చీరను అడిగిన మనిషికి రెండు గంటలు బదులివ్వకపోతే ఆమె ఇంకో పేజీకి వెళ్లిపోదా? కొందరు వెళ్తారు. అలా పోకుండా చూసుకోవడానికి ఇరవై నాలుగు గంటలూ కాపలా కాయడం ఒక్కటే మార్గం అనుకోవడం వల్లనే చాలామంది అలసిపోతున్నారు. దానికి బదులు కొత్త చీరలకు ఒక గడియ ప్రకటించండి. ‘ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు కొత్త చీరలు, బుకింగ్ వాట్సాప్‌లో మాత్రమే, ముందు కోడ్ పంపిన వారికి ముందు’ అని స్థిరంగా చెబుతూ వస్తే, కొనేవారే ఆ సమయానికి సిద్ధంగా ఉంటారు. ఎవరి సందేశం ముందు వచ్చిందో వాట్సాప్‌లో సమయంతో సహా కనిపిస్తుంది కాబట్టి తగాదాలూ తక్కువే. బుక్ చేసిన వారు రెండు గంటల్లో యూపీఐ స్క్రీన్‌షాట్ పంపకపోతే తర్వాతి వారికి ఇస్తామని రాసిపెట్టండి. స్క్రీన్‌షాట్‌ను నమ్మకుండా బ్యాంకు ఖాతాలో డబ్బు పడిందో లేదో చూసుకున్నాకే పార్సిల్ కట్టాలన్నది ఈ వ్యాసానికి సంబంధం లేని మాటే అయినా చెప్పకుండా ఉండలేను. శుక్రవారం ఆ గంట మాత్రం ఫోన్ పట్టుకుని కూర్చోండి, ఇంట్లో ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టి కోడ్, పేరు, సమయం పుస్తకంలో రాయించండి. వారమంతా చెల్లాచెదురుగా ఉండే ఎదురుచూపు అంతా ఆ గంటలోకి చేరుతుంది.

శ్రావణ మాసం, దసరా, సంక్రాంతి ముందు ఈ వేళలు సరిపోవు. వరలక్ష్మీ వ్రతానికి ముందు రెండు వారాలు రోజుకు అయిదారు విడతలు పెట్టుకోవలసి రావచ్చు, తప్పులేదు. ఆ రోజుల్లోనే, మళ్లీ ఏ తేదీ నుంచి మూడు విడతలకు వస్తారో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. పండుగ అయిపోయాక కూడా పండుగ వేళలే కొనసాగడం వల్ల అలవాటు ముదరడం చాలామంది విషయంలో జరుగుతుంది.

వారానికి ఒక రోజు పూర్తిగా సెలవు ఉండాలి. ఊళ్లో బట్టల కొట్టుకు వారపు సెలవు ఉన్నప్పుడు ఇంటి నుంచి నడిపే కొట్టుకు ఉండకూడదన్న నియమం ఏమీ లేదు. అవే మెసేజ్‌లో సెలవు సంగతి రాస్తే తెలుగు కొనుగోలుదారులు అర్థం చేసుకుంటారు.

ఇతరుల పేజీలు చూడవలసి వచ్చినప్పుడు

మార్కెట్ చూడటం అవసరమే, మిగతావారి ధరలు తెలియకుండా ఏ వ్యాపారమూ నడవదు. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున, కంప్యూటర్‌లో చూడండి. తెరవకముందు ఏం తెలుసుకోవాలో కాగితం మీద రాయండి, ఉదాహరణకు ‘ఉప్పాడ జాందానీ ఇప్పుడు ఎంతకు అమ్ముతున్నారు, లినెన్ చీరల్లో ఏ రంగులు వస్తున్నాయి’ అని. జవాబు దొరకగానే దాని పక్కన రాసి మూసేయండి. యాప్‌లో చూస్తే, పైనున్న ఇన్‌స్టాగ్రామ్ పేరు మీద నొక్కితే వచ్చే ఫాలోయింగ్, ఫేవరెట్స్ అనే రెండు ఫీడ్‌లను వాడండి. 2022లో వచ్చిన ఈ ఫీడ్‌లలో మీరు అనుసరించే వారి పోస్టులే, తేదీ వరుసలో కనిపిస్తాయి. సూచించే పోస్టులను ముప్పై రోజుల పాటు ఆపే ఏర్పాటు సెట్టింగ్స్‌లో ఉంది, గడువు ముగిశాక మళ్లీ పెట్టుకోవాలి.

వ్యాపార ఖాతాతో బంధువులనూ, సినిమా తారలనూ, వంటల పేజీలనూ అనుసరించవద్దు. నేత సంఘాలు, మాస్టర్ వీవర్లు, మీలాంటి అమ్మకందారులు మాత్రమే అందులో ఉండాలి. సొంత ఖాతాను వేరే ఉంచుకుని, వీలైతే వేరే ఫోన్‌లో ఉంచుకుని, పని వేళల్లో దాని నుంచి లాగవుట్ అవ్వడం మేలు.

ఫోన్ విషయంలో నేను అందరికీ మొదట చెప్పే సలహా, ఇంట్లో మూలపడి ఉన్న పాత ఫోన్‌ను వ్యాపారానికి కేటాయించమని. ఇన్‌స్టాగ్రామ్ అందులోనే ఉండాలి, అది చీరలున్న గదిలో ఛార్జర్‌కే ఉండాలి, వంటింట్లోకీ పడక మీదికీ రాకూడదు. ఇది కుదరని వారికి ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఉన్నాయి. రోజువారీ పరిమితి పెట్టి, ఐఫోన్‌లో అయితే దాని పాస్‌కోడ్‌ను భర్తతోనో అక్కతోనో పెట్టించుకోండి, లేకుంటే పరిమితి దాటిన వెంటనే మనమే తీసేస్తాం. తెరను నలుపు తెలుపుల్లోకి మార్చమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. రంగు సరిగ్గా కనిపించాలన్నదే మన వృత్తికి ప్రాణం కాబట్టి వ్యాపార ఫోన్‌లో అది పనికిరాదు, సొంత ఫోన్‌లో పెట్టుకోవచ్చు.

వ్యూస్ లెక్క, అమ్మకాల లెక్క

యాప్ మనకు చూపే అంకెలన్నీ దాని వ్యాపారానికి సంబంధించినవి. ఎంతమంది చూశారు, ఎంతమందికి చేరింది, ఎంతమంది సేవ్ చేసుకున్నారు అన్నవి రోజూ చూస్తే మనసు వాటి వెంటే పోతుంది. ప్రతి ఆదివారం పుస్తకంలో మన అంకెలు రాసుకోవాలి. ఈ వారం ఎన్ని చీరలు పోయాయి, ఎంత మిగిలింది, కొన్నవారిలో పాతవారు ఎందరు, కొత్తవారు ఎందరు, కొత్తవారు ఏ పోస్టు చూసి వచ్చారు, యాప్‌లో గడిపిన గంటలు ఎన్ని. చివరి అంకె ఫోన్ సెట్టింగ్స్‌లోనే దొరుకుతుంది. మిగిలిన లాభాన్ని ఆ గంటలతో భాగిస్తే గంటకు ఎంత సంపాదించారో తెలుస్తుంది. చాలామందికి ఈ లెక్క వేసిన రోజే, వారానికి పది రీల్స్ చేయడం కంటే పాత కొనుగోలుదారులకు ఒక్కొక్కరికీ నచ్చే చీర ఫోటో పంపడం ఎంత లాభమో అర్థమవుతుంది.

దానికి కొనుగోలుదారుల పుస్తకం ఉండాలి. పేరు, ఫోన్ నంబరు, ఊరు, ఏ తేదీన ఏ కోడ్ చీర కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏ రంగులు ఇష్టం, ఏ అంచు వద్దన్నారు, ఇంట్లో ఏ శుభకార్యం ఉందన్నారు, ఇవన్నీ ఒక వరుసలో రాయండి. కాగితమైనా సరే, ఎక్సెల్ అయినా సరే. ‘పెద్ద అంచు వద్దు, వంగపండు రంగు ఇష్టం, మాఘంలో తమ్ముడి పెళ్లి’ అని రాసుకున్న మనిషికి పుష్యంలో నాలుగు ఫోటోలు పంపితే, దానికోసం ఏ అల్గారిథమ్ దయా అక్కరలేదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి సుమారు ఆరు గంటల పాటు ఆగిపోయాయి. ఆ రాత్రి నంబర్లు పుస్తకంలో ఉన్నవారు ఫోన్ చేసి మాట్లాడగలిగారు, లేనివారు ఎదురుచూశారు. ఖాతా హ్యాక్ అయినా, పొరపాటున బ్లాక్ అయినా పరిస్థితి ఇదే. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్ పెట్టుకోండి, దాని బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి బీరువాలో ఉంచండి, కాపీరైట్ ఉల్లంఘన అంటూ డీఎంలో వచ్చే లింకులు నొక్కవద్దు. పేజీ పోతే బతుకుతెరువు పోతుందన్న భయం ఎంత తగ్గితే, గంటకోసారి దాన్ని తెరిచి చూసుకోవాలన్న ఆరాటం కూడా అంత తగ్గుతుంది.

ఈ పద్ధతులు సరిపోనప్పుడు

ఇవన్నీ చేసినా, అర్ధరాత్రి దాకా స్క్రోల్ చేస్తూ నిద్ర పోగొట్టుకుంటున్నా, ఆర్డర్లు లేని రోజున కూడా ఫోన్ వదలలేకపోతున్నా, ఇంట్లో అడిగితే కోపం వస్తున్నా, సహాయం తీసుకోవడానికి సంకోచించవద్దు. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో సాంకేతికత వాడకం అదుపు తప్పిన వారికోసమే షట్ క్లినిక్ పేరుతో 2014 నుంచి ప్రత్యేక సేవ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మాట్లాడేటప్పుడు ఇన్‌స్టాగ్రామ్ మీ జీవనాధారమని, దాన్ని తీసేయడం కుదరదని మొదటే చెప్పండి. యాప్ తొలగించమనే మామూలు సలహా మీకు వర్తించదు కనుక, ఏ వేళలో ఎంతసేపు పని కోసం వాడుతున్నారో, ఏ సమయంలో అదుపు తప్పుతోందో పుస్తకంలో రాసుకున్నది ఎదురుగా పెట్టుకుని మాట్లాడితే, మీ పరిస్థితికి తగిన సూచన ఇవ్వడం వారికి సులువవుతుంది.